జబ్బవాపు టీకా మన పల్లెలకు వచ్చిన దారి

మన సంఘాల్లో అప్పు తీసుకుని ఆవునో గేదెనో కొనుక్కుంటాం. పశువు చచ్చిపోయినా కిస్తీ ఆగదు. అందుకే ఈసారి నివేదికలో జబ్బవాపు గురించి, దాని టీకా చరిత్ర గురించి రాస్తున్నాను.

పూర్వం తొలకరి వానలు పడ్డాక ఉన్నట్టుండి దూడ కుంటేది. ఒళ్ళు కాలిపోయేది. తొడో జబ్బో వాచేది. వాపు మీద నొక్కితే లోపల గాలి ఉన్నట్టు చిటచిటమనేది. ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయేది. బక్కవాటి కంటే బాగా మేసి కండపట్టిన దూడలే ఎక్కువ పోయేవి కాబట్టి దిష్టి తగిలిందనేవారు. అమ్మవారికి మొక్కేవారు, వాత పెట్టేవారు. వాతకు క్రిమి చావదు, పాపం దూడకే బాధ రెట్టింపు.

1880ల్లో ఫ్రాన్సులో ఆర్లోయింగ్, కార్నెవిన్, థామస్ అనే ముగ్గురు ఈ రోగంతో చచ్చిన పశువు కండను ఎండబెట్టి, వేడిచేసి, ఆ పొడితో టీకా చేశారు. తర్వాత ఫార్మలిన్‌తో క్రిమిని చంపి చేసే టీకా వచ్చింది. ఇప్పుడు మనం వేయించేది ఆ రకమే.

ఈపురుపాలెం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో, గుంటూరు జిల్లాలో ఉండేది. పశువుల మందుల కోసం మద్రాసు ప్రభుత్వం 1932లో సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. తర్వాత అది రాణిపేటలో స్థిరపడింది. ఆ రోజుల్లో అందరికీ పెద్ద భయం ముసర వ్యాధి. మందలకి మందలే తుడిచిపెట్టుకుపోయేవి. టీకాలు వేసి వేసి చివరికి 2011 నాటికి దాన్ని ప్రపంచంలోనే లేకుండా చేశారు.

మరి జబ్బవాపు ఎందుకు పోలేదు? ముసర క్రిమి బతకాలంటే పశువు ఒళ్ళే కావాలి. టీకాలతో దానికి చోటు లేకుండా పోయింది. జబ్బవాపు క్రిమి అలా కాదు, విత్తనంలా గట్టిపడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. వానలకు పైకి తేలి గడ్డితో పాటు కడుపులోకి పోతుంది. మట్టికి టీకా వేయలేం కదా! అందుకే ఆరు నెలలు దాటిన దూడలకు ఏటా వానలకు ముందే వేయించాలి. రెండేళ్ళలోపు ఆవుదూడలకు ముప్పు ఎక్కువ.

గాలికుంటు సూది వేయించాం చాలు అని కొందరు ఊరుకుంటారు. అది వేరు, ఇది వేరు. గొంతువాపుకి, జబ్బవాపుకి కలిపి వేసే టీకా కూడా ఉంది, పశువుల ఆసుపత్రిలో అడగండి. కుంటడం చూడగానే డాక్టరును పిలిస్తే పెన్సిలిన్‌తో కొన్ని బతుకుతాయి, తెల్లారేదాకా ఆగితే కష్టం.

చచ్చిన దూడను తోలు కోసం కొయ్యనివ్వకండి. నెత్తురు పడ్డచోటల్లా క్రిమి మట్టిలో చేరుతుంది. మేత బీడుకి, చెరువుకి దూరంగా లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.