సరిహద్దున నిలిచిన మనస్సు



మా తర్లుపాడు ప్రాంతమున ఒక పిల్ల యుదయమున స్నేహితురాలిని దేవతయని కొనియాడి, సాయంకాలమునకు ద్రోహియని దూషించి, రాత్రి తన చేతిని తానే కోసికొన్నచో, పెద్దలు రెండే మాటలు చెప్పుదురు: గాలి సోకినదని, లేదా పొగరెక్కినదని. బడిపంతులుగా నుండిన దినములలో నేనును అట్టి బాలిక నొకతెను రెండవ మాటతోనే కొట్టివేసితిని. ఆమె చదువు నడుమనే నిలిచిపోయినది. ఆ తప్పే నాచేత ఈ చరిత్రను చదివించినది.

మన ప్రాచీనులు ఈ విషయమున ఉపేక్ష వహింపలేదు. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటి విభ్రమమే ఉన్మాదమని చరకసంహిత నిర్వచించినది. దానిని 5 విధములుగా విభజించి, అపస్మారమును వేఱు వ్యాధిగా నిలిపినది. నేను చెప్పబోవు వ్యాధి వారి యున్మాదమే యనుట సాహసము. కాని వ్యాధులను విడదీసి చూచు బుద్ధి మనకు క్రొత్త కాదు.

1794లో వాలెంటైన్ కనోలీ మద్రాసున పిచ్చాసుపత్రిని స్థాపించెను. గోడకు లోపలివారు పిచ్చివారు, వెలుపలివారు బుద్ధిమంతులు. లోకమునకు తోచిన విభాగమదియే. గుమ్మమున నిలిచినవారి నెవరును లెక్కింపలేదు. మద్రాసు రేడియో కేంద్రము ఆరంభమైన 1938లోనే, అమెరికాలో అడాల్ఫ్ స్టెర్న్ అను మనోవిశ్లేషకుడు అట్టివారిని ‘బార్డర్‌లైన్’ వర్గమని వర్ణించెను. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ వ్యాధిని తన పట్టికలో చేర్చెను.

నేటి పట్టికలో లక్షణములు 9: విడిచిపోవుదురను భయము, నిలుకడలేని బాంధవ్యములు, తానెవరో తెలియని కలత, దుడుకుచేష్టలు, ఆత్మహింస, క్షణక్షణము మాఱు భావములు, శూన్యత, పట్టరాని కోపము, ఒత్తిడివేళ తాత్కాలిక శంక. వీనిలో 5 యైనను యౌవనమునుండి విడువక యుండవలెను. ఒకనాటి అలుక వ్యాధి కాదు.

బైపోలార్ వ్యాధిలో ఉద్రేకమును క్రుంగుబాటును ఋతువులవలె దినములు, వారములు నిలుచును. ఇందు మనఃస్థితి మార్కాపురపు పలకపై వ్రాతవలె గంటలలో చెఱగి మఱల వ్రాయబడును. తఱచు ఒక మాటయో, ఒక యెడబాటో దానికి కారణము. స్కిజోఫ్రీనియాలో లేని గొంతులు చిరకాలము వినవచ్చును. ఇందు భ్రాంతి కలిగినను ఒత్తిడితో వచ్చి పోవును. ఒకరియందే రెండు వ్యాధులుండుటయు కలదు. కావున నిర్ణయము వైద్యునిదే.

పొరపాటు పండితులకును తప్పదు. మార్షా లినెహాన్ అను అమెరికా స్త్రీని 17వ యేట ఆసుపత్రిలో చేర్చి, స్కిజోఫ్రీనియా యని వైద్యులు నిర్ణయించిరి. ఆమెయే పెరిగి పెద్దదై, ఈ వ్యాధికి మాటలతోను అభ్యాసముతోను సాగు చికిత్సను రూపొందించి 1993లో గ్రంథముగా ప్రకటించెను. 2011లో తన పూర్వకథను తానే వెల్లడించెను. చికిత్స పొంది కుదుటపడినవారు పెక్కురు గలరు.

ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రవేదనకు లోనైనవారిగా భావింపవలెనని మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! పొగరను మాట నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణ మాగుడు. చేతిపై గాయమేల కలిగెనని మెల్లగా అడుగుడు. నేనా ప్రశ్న అడుగలేదు.