రహస్య ధనం – పరిశోధకుని మౌనం

డబ్బు ఎక్కడిదైతేనేం, పరిశోధన సవ్యంగా ఉంటే చాలదా? అమీర్‌పేట, పంజగుట్టల అద్దెగదుల్లో ఉంటూ పిహెచ్.డి. చేస్తున్న సాహిత్య విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. దీన్ని కొట్టిపారెయ్యడం తేలిక. చరిత్రలో పెట్టి పరిశీలించడం అవసరం.

ముందు సాహిత్యరంగాన్నే చూద్దాం. 1950లో బెర్లిన్‌లో పుట్టిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ మరుసటి ఏడే బొంబాయిలో సభ జరిపింది. దాని భారతీయ శాఖ అండతో 1955లో 'క్వెస్ట్' పత్రిక వెలువడింది. రచయిత స్వేచ్ఛే తమ ఆశయమన్నారు. ఆ అంతర్జాతీయ సంస్థ వెనుక ఉన్నది సి.ఐ.ఎ. ధనమని 1966-67లో అమెరికన్ పత్రికలే బయటపెట్టాయి. ఆ పత్రికలకు రాసిన అనేకులకు ఈ సంగతే తెలియదు. స్వేచ్ఛను గురించి రాసినవారికి, తమ వేదికకు ఖర్చు భరిస్తున్నదెవరో తెలుసుకునే స్వేచ్ఛ మాత్రం లేకపోయింది.

విశ్వవిద్యాలయాలు ఇందుకు మినహాయింపు కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో అంతర్జాతీయ అధ్యయన కేంద్రం 1950ల ఆరంభంలో సి.ఐ.ఎ. ధనంతో మొదలయింది. దాని డైరెక్టర్ మాక్స్ మిలికన్ అంతకుముందు సి.ఐ.ఎ.లో ఉన్నతోద్యోగి. ఆ కేంద్రం ఆర్థికవేత్తలు ఢిల్లీలో మన ప్రణాళికల మీద పనిచేశారు. 1964లో డేవిడ్ వైజ్, థామస్ రాస్‌ల గ్రంథం 'ది ఇన్విజిబుల్ గవర్నమెంట్' ఈ సంబంధాన్ని వెల్లడించింది. ఆ మరుసటి ఏడే కేంద్రం ఇక్కడి పని ముగించుకోవలసి వచ్చింది. నిజాయితీగా పనిచేసినవారి మీద కూడా అనుమానం పడింది. రహస్యం చేసే మొదటి హాని ఇదే.

అదే 1964లో మన ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. పి.ఎల్.480 కింద దిగుమతి చేసుకున్న ధాన్యానికి మనం చెల్లించిన రూపాయలే అక్కడ పుస్తకాలయ్యాయి. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు అక్కడికి వచ్చేవారు. అది కూడా ప్రభావమే. తటస్థ దానమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. అయితే ఆ ధనం బహిరంగం. బహిరంగమైన ప్రభావంతో వాదించవచ్చు, విమర్శించవచ్చు. దాగినదానితో వాదం ఎలా?

నియమం కాగితం మీద ఎలా ఉంటుందో 1985లో హార్వర్డ్‌లో తేలింది. ప్రొఫెసర్ నదవ్ సఫ్రాన్ సౌదీ అరేబియాపై రాసిన గ్రంథానికి సి.ఐ.ఎ. 1,07,430 డాలర్లు ఇచ్చింది. అచ్చుకు ముందు ఆ సంస్థ రాతప్రతిని చూడాలి, ధనం ఇచ్చినదెవరో చెప్పరాదు – ఇవీ షరతులు. ఆయన ఏర్పాటు చేసిన సదస్సుకు కూడా అక్కడి డబ్బే వచ్చిందని తెలిసి పలువురు తప్పుకున్నారు. చివరకు ఆయన తన అధ్యయన కేంద్రం డైరెక్టర్ పదవి వదులుకోవలసి వచ్చింది.

ఇక్కడే విద్యార్థుల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఏ వాక్యం కొట్టేశారో తెలియని పాఠకుడు పరిశోధన సవ్యంగా ఉందో లేదో ఎలా తేలుస్తాడు?

ఇది పరాయి దేశపు జబ్బు మాత్రమే అనుకోకూడదు. మన 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇంటెలిజెన్స్ బ్యూరోను, 'రా'ను, రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.ను రెండవ షెడ్యూలులో చేర్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప తక్కినవి అక్కడ అడగలేం. హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల నగరం కూడా. కాని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆ జాబితాలో లేవు. కనుక అడగవలసిన చోటు అవే: ధనం ఎవరిచ్చారు? ఏది చెప్పనని మాట ఇచ్చారు?

సిద్ధాంత గ్రంథం మొదటి పుటల్లో పర్యవేక్షకునికి, తల్లిదండ్రులకు కృతజ్ఞతలు చెబుతాం. ఆ పుటలోనే ఈ రెండు జవాబులూ అచ్చు కావాలి. రెండవ జవాబు అచ్చు వేయడానికి వీల్లేని ఒప్పందం మీద పరిశోధకుడు సంతకం చేయరాదు.