పందెం మన ఇంటికి వచ్చినప్పుడు



మే నెల వచ్చిందంటే మా బనగానపల్లెలో ఏ ఇంటికి వెళ్లినా ముందు మామిడిపండు కోసి పెడతారు. కుశల ప్రశ్నలు ఆ తర్వాతే. అలాంటి ఒక వేసవిలో అమెరికాలో ఉంటున్న మా మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, శనివారం మా ఇంట్లో పదిమందిమి కూర్చుని గుర్రప్పందెం చూస్తున్నాం. ఏం వండమంటావు?" అని అడిగింది.

గుర్రప్పందెం అన్నమాట చెవిన పడగానే నాకు వంట సంగతి తోచలేదు. మా పెద్దమ్మ చేతులు గుర్తొచ్చాయి. పెదనాన్నకు పట్నంలో పందేలకు వెళ్లే అలవాటుండేది. పెద్దమ్మ తన జన్మలో ఒక్క పందెమైనా చూసి ఎరగదు. ఆమె బంగారు గాజులు మాత్రం రెండు జతలూ పట్నం వెళ్లాయి. వెళ్లినవి తిరిగి రాలేదు. ఆమెను చివరిదాకా మట్టిగాజులతోనే చూశాను.

ఐతే మా మేనకోడలు చెప్పిన వేడుక వేరు. అమెరికాలో లూయివిల్ అనే ఊళ్లో 1875 నుంచి కెంటకీ డెర్బీ అనే పందెం జరుగుతోంది. మే నెల మొదటి శనివారం దాని రోజు. దూరం రెండు కిలోమీటర్లు, పట్టే సమయం దాదాపు రెండు నిమిషాలు. 1925లో అది రేడియోలో వినిపించింది. 1952 నుంచి టెలివిజన్‌లో దేశమంతా చూస్తోంది. అప్పటినుంచి మైదానానికి పోలేనివాళ్లు ఇరుగుపొరుగును ఇంటికి పిలిచి, పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని, విందు చేసుకుంటూ చూడడం ఆనవాయితీ అయింది. రెండు నిమిషాల పందేనికి రెండు పూటల వంట!

ఇది మనకు మరీ కొత్త సంగతి కాదండీ. మా సీమలో తిరునాళ్లకు, ఉగాదికి ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతారు. ఒంగోలు గిత్తల జతలను పళ్లను బట్టి వర్గాలు చేసి, ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానికి బహుమతి ఇస్తారు. ఆ రోజు చుట్టుపక్కల పల్లెలనుంచి బంధువులు దిగుతారు. పొద్దున ఉగ్గాని, బజ్జి, మధ్యాహ్నం భక్ష్యాలు. ఆడవాళ్లు, పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. ఇంటికి పిలిచి పోటీ చూపించడం మన మిద్దెలకు ఎప్పుడో తెలుసు.

ఇక గుర్రాల పందేలంటారా, మద్రాసులో గిండీ మైదానం పద్దెనిమిదో శతాబ్దం నాటిది. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు పందేలు తెచ్చారు. రాజులూ దొరలూ ఆడుకునే ఆట అది. ఆ ఆటలో మన తెలుగింటి ఆడపడుచు పేరు ఒకటి ప్రపంచమంతా మోగింది. ఆవిడ పిఠాపురం రాజావారి కుమార్తె సీతాదేవి.

సీతాదేవికి ఉయ్యూరు జమీందారుతో వివాహమైంది. 1943లో మద్రాసు గుర్రప్పందేల దగ్గర బరోడా మహారాజు ప్రతాపసింహ గైక్వాడుతో పరిచయమైంది. తర్వాత ఆవిడ బరోడా రెండో మహారాణి అయ్యారు. బొంబాయిలో మొట్టమొదటి ఇండియన్ డెర్బీ జరిగిందీ ఆ 1943లోనే. గెలిచింది 'ప్రిన్సెస్ బ్యూటిఫుల్' అనే ఆడగుర్రం. దాని యజమాని ఆ మహారాజే. 1945లో ఆయన ఇంగ్లండులో ఒక ఏడాది వయసు గుర్రప్పిల్లను 28,000 గినీలకు కొన్నారు. ఆనాటి మారకంలో సుమారు 3 లక్షల 90 వేల రూపాయలు. దానికి తాతగారి పేరు, సాయాజీరావు అని పెట్టారు. అది 1947లో ఇంగ్లండులో సెంట్ లెజర్ పందెం గెలిచింది కూడా.

ఇంత వైభవానికి డబ్బు ఎక్కడనుంచి వచ్చింది? బరోడా ఖజానానుంచి. 1949లో ఆ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసినప్పుడు, ఖజానానుంచి తీసిన పెద్ద పెద్ద మొత్తాలకు లెక్క చెప్పవలసి వచ్చింది. 1951లో భారత ప్రభుత్వం ఆయన్ని గద్దెనుంచి తప్పించింది. తప్పంతా గుర్రాలదే అనడం లేదు. మా బనగానపల్లె నవాబుల చిన్న సంస్థానాన్ని కూడా 1905లో, ఆర్థిక వ్యవహారాలు సరిగా లేవని, మద్రాసు ప్రభుత్వం కొంతకాలం తన చేతిలోకి తీసుకుంది. పెద్ద గద్దైనా చిన్న గద్దైనా, ఖర్చుపెట్టేవారు ఒకరు, లెక్క చెప్పుకొనేవారు మరొకరు ఐతే ఇలాగే జరుగుతుంది. రాజులకు ఖజానా ఉండేది. మా పెద్దమ్మకు ఉన్నవి రెండు జతల గాజులు.

ఇప్పుడు మనం కొంచెం లెక్క చేద్దాం. పందేల మైదానంలో టోట్ అనే పద్ధతి ఉంది. కట్టినవాళ్లందరి డబ్బూ ఒకచోట పోస్తారు. పన్నూ, నిర్వాహకుల వాటా ముందే తీసేస్తారు. మిగిలింది గెలిచిన గుర్రం మీద కట్టినవాళ్లు పంచుకుంటారు. పదిమంది వందేసి కట్టారనుకోండి, మొత్తం వెయ్యి. లెక్కకోసం 250 తీసేశారనుకుందాం. మిగిలిన 750 ఇద్దరు గెలిచినవాళ్లకు చెరి 375. మిగతా ఎనిమిదిమందికి సున్న. ఏ గుర్రం గెలిచినా సరే, ఆ పదిమంది పోపులడబ్బాల్లోంచి కలిపి 250 పోయినట్టే. మనం వేసుకునే చీటీలోనూ కమీషను ఉంటుంది, కాని అక్కడ ప్రతివారి వంతూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇక్కడ రాదు.

గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించిన ఆట, జూదం కాదు అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. అది చట్టం సంగతి. 2023 అక్టోబరులో ప్రభుత్వం పందెం కట్టే పూర్తి మొత్తం మీద 28 శాతం పన్ను వేసింది. అది ఖజానా సంగతి. ఇంటి సంగతి మాత్రం మనమే చెప్పుకోవాలి. ఒకప్పుడు పందెం కట్టాలంటే పట్నం పోవాలి. తర్వాత ఆట కనిపించే ఫోనులోంచే డబ్బూ వెళ్లిపోయే రోజులు వచ్చాయి.

అలాగని చూడవద్దా? చక్కగా చూడండి. పరుగెత్తే గుర్రంకన్నా అందమైనది ఏముంది! ఇండియన్ డెర్బీ ఫిబ్రవరిలో వస్తుంది. ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ జూన్ మొదట్లో, మనకు రాత్రి భోజనాల వేళకు. కెంటకీ పందెం కావాలంటే మాత్రం ఆదివారం తెల్లవారుజామున లేవాలి. గుర్రాల పేర్లు చీటీలమీద రాసి, ఒక చెంబులో వేసి, వచ్చినవాళ్లచేత ఒక్కొక్కటి తీయించండి. పిల్లలకు గుర్రాల పేర్లు, జాకీల దుస్తుల రంగులు ముందే చెప్పి ఉంచితే వాళ్లే వ్యాఖ్యాతలవుతారు. పందెం కాయాలనే సరదా ఉంటే మనిషికి ఇరవై చింతగింజలు ఇవ్వండి. అష్టాచెమ్మా ఆడినవాళ్లం, మనకు చింతగింజల విలువ తెలియదూ! ఫోన్లన్నీ ఒక పళ్లెంలో పెట్టించండి. ఎవరి చీటీలోని గుర్రం గెలిస్తే వారికి బహుమతిగా ఒక బుట్ట బనగానపల్లె మామిడిపళ్లు. ఓడినవాళ్లకూ తలా ఒక ముక్క.

మా మేనకోడలికీ ఇదే చెప్పాను. ఆ రాత్రి మళ్లీ ఫోను చేసింది. "అత్తా, నా గుర్రం చిట్టచివర వచ్చింది" అని పకపకా నవ్వింది. పందెంలో ఓడి నవ్విన ఆడమనిషి గొంతు మా ఇంట్లో వినడం నాకు అదే మొదలు.