బస్సు దిగి నడిచిన యాత్రికులు

తిరుమల కొండ దిగిన యాత్రా బస్సులు ఒకప్పుడు నేరుగా ఇంటిదారి పట్టేవి కావు, మద్రాసు వెళ్లేవి. గుండు మీద పూసుకున్న గంధం ఆరకముందే జనం త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు ఇంటి ముందు బారులు తీరేవారు. 1957 ‘మాయాబజార్’లో కృష్ణుడిగా, 1960 ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో శ్రీనివాసుడిగా ఆయన్ని చూసినవాళ్లకు కొండ మీది దర్శనం, ఈ దర్శనం ఒకే మొక్కు కింద లెక్క. ఆయన బయటికొచ్చి నమస్కరించేవారు, పలకరించేవారు. ఆ తర్వాత మళ్లీ బస్సే.

ఆ బస్సులను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అరవం రాని పల్లెటూరి కుటుంబాలకు మద్రాసు చూసే దారి అదొక్కటే. కాకపోతే ఏది చూడాలో, ఎంతసేపు చూడాలో అంతా బస్సు నడిపించేవాడి చేతిలో ఉండేది. వడపళనిలో వాహినీ, ఏవీఎం గోడల వెనక సినిమా ఎలా తయారవుతుందో ఆ ప్రయాణికులకు తెలిసే వీలు లేదు. అది తెలిసింది ఒంటరిగా రైలెక్కి వచ్చి, పాండీబజారు చుట్టుపక్కల అద్దె గదుల్లో తలదాచుకుని, పానగల్ పార్కు బెంచీల మీద వేషాల కోసం, పాటల కోసం ఎదురుచూసినవాళ్లకు. తెలుగు సినిమా పట్నాన్ని చూసే పద్ధతులు అప్పటికే రెండయ్యాయి. ఒకటి ఎవరో చూపిస్తే చూడటం, రెండోది సొంతంగా వెతుక్కోవడం.

సముద్రయానంలో ఈ తేడా ఇంకా పాతది. 1867లో ‘క్వేకర్ సిటీ’ అనే ఆవిరి ఓడ అమెరికా నుంచి యాత్రికుల బృందంతో మధ్యధరా సముద్రానికి బయల్దేరింది. అందులో మార్క్ ట్వేన్ ఉన్నాడు. ఏథెన్స్ రేవు పైరియస్‌లో అంటురోగాల భయంతో అధికారులు ఎవరినీ దిగనివ్వలేదు. ట్వేన్ మరో ముగ్గురితో కలిసి రాత్రివేళ దొంగతనంగా ఒడ్డుకు చేరి, వెన్నెల్లో అక్రోపోలిస్ ఎక్కి, తెల్లారేలోపు ఓడకు తిరిగొచ్చాడు. 1869లో వచ్చిన ఆయన యాత్రా గ్రంథంలో నాకు అన్నిటికన్నా సజీవంగా అనిపించే ఘట్టం అదే. ఎవరూ ఏర్పాటు చేయని రాత్రి కాబట్టే దానికా ప్రాణం వచ్చిందని నా నమ్మకం.

ఆ తర్వాత జర్మన్ ఓడ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891 జనవరిలో ‘ఆగస్టా విక్టోరియా’ ఓడను 241 మంది ప్రయాణికులతో మధ్యధరా విహారానికి పంపాడు. రేవుల్లో ఏమేం చూడాలో ముందే ఏర్పాటైపోయింది. నేటి క్రూయిజ్ వ్యాపారానికి పునాది అక్కడే పడింది. ఇప్పుడు టికెట్‌తో పాటు రేవు చూపించే టూరును కూడా ఓడ కంపెనీయే అమ్ముతుంది. స్థానిక ఏజెంటు అడిగే ధర మీద తన వాటా కలుపుకుంటుంది. బదులుగా ఒక భరోసా ఇస్తుంది. కంపెనీ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్లినవాళ్ల కోసం మాత్రం ఆగదు. నార్వేజియన్ క్రూయిజ్ కంపెనీ 1977 నాటికే బహామాస్‌లో ఒక చిన్న దీవిని తన ప్రయాణికులకోసం తీసుకుంది. అక్కడ సొంతంగా వెళ్లడానికి వేరే ఊరే ఉండదు.

హాలీవుడ్ కూడా ఇదే బాట పట్టింది. 1915లో యూనివర్సల్ స్టూడియో ప్రారంభమైనప్పుడు దాని అధిపతి కార్ల్ లెమ్లీ 25 సెంట్లు తీసుకుని జనాన్ని లోపలికి రానిచ్చి షూటింగులు చూపించాడు. మాటల సినిమాలు వచ్చాక నిశ్శబ్దం అవసరమై తలుపులు మూసుకున్నాయి. 1964లో ట్రామ్ బండ్లతో మళ్లీ తెరుచుకున్నాయి. స్టూడియో గేటు బయట మాత్రం తారల ఇళ్ల పటాలు కొనుక్కుని తమ దారిన తాము తిరిగేవాళ్లూ ఉండేవారు.

ఇక మన హైదరాబాద్ జూబ్లీహిల్స్. రాళ్లగుట్టలు తప్ప మరేమీ లేని ఈ పక్కకు 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోతో వచ్చారు. అంతకుముందే అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది. ఇక్కడ తీసే సినిమాలకు రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చింది. 1980ల్లో నటుడు కృష్ణ పద్మాలయ స్టూడియో కట్టారు, ఆ తర్వాత గుట్ట మీద రామానాయుడు స్టూడియో లేచింది. ఆ స్టూడియోల కింద ఫిల్మ్‌నగర్, అందులో ఫిల్మ్ ఛాంబర్, దైవసన్నిధానం గుడి, వాటి చుట్టూ బస్తీలు వచ్చాయి. మద్రాసు బస్సులు మెల్లగా ఆగిపోయాయి. 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ మొదలై, టికెట్ కొని చూసే సినిమా ఊరిగా పేరు తెచ్చుకుంది. 1,666 ఎకరాల ప్రాంగణం అది, ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్ గుర్తింపు ఉంది. పర్యాటక శాఖ బస్సులు అక్కడికే తీసుకెళ్తాయి, లోపల తిప్పడానికి ఫిల్మ్‌సిటీ సొంత బస్సులుంటాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు, ‘బాహుబలి’ సెట్లు కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఆ రోజు వృథా కాదు. అయితే అది నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. అక్కడ కనిపించేది చూపించడం కోసం సిద్ధంచేసిన సినిమా. సినిమా బతుకు ఇక్కడ, జూబ్లీహిల్స్‌ను ఆనుకున్న కృష్ణానగర్‌లో ఉంది.

తెల్లవారుజామున కృష్ణానగర్ వెళ్లి చూడండి. టీకొట్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ సహాయకులు ప్రొడక్షన్ బండ్ల కోసం నిలబడి ఉంటారు. వాళ్లను ఎక్కించుకుని బండ్లు లొకేషన్లకు బయల్దేరతాయి. కొత్తగా ఊరు నుంచి దిగినవాడు, పాతికేళ్లుగా ఇంకో అవకాశం కోసం ఆగినవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2008లో వచ్చిన ‘నేనింతే’ సినిమా ఈ గల్లీల కథే. పానగల్ పార్కు బెంచీలు ఇక్కడికి తరలివచ్చాయి. ఏ టూరు బస్సూ ఇక్కడ ఆగదు. 2019 నుంచి మెట్రో మాత్రం ఆగుతోంది. యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మగుడి స్టేషన్లలో దిగితే నడకతో, ఆటోతో ఒక పూటలో ఈ పక్కంతా చూడొచ్చు. ఒక్కటే మర్యాద. తారల ఇళ్ల గేట్ల దగ్గర గుమిగూడటం మానాలి. బజుల్లా రోడ్డులో రామారావే బయటికొచ్చేవారు కాబట్టి సరిపోయింది. అందరికీ ఆ బాధ్యత ఉండదు.

ఎవరో చూపిస్తే చూడాలా, సొంతంగా వెతుక్కోవాలా అన్న ప్రశ్న ఇప్పుడు సముద్రం దారిన తెలుగునేలకే వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడ చెన్నై, పుదుచ్చేరిలను కలుపుతూ విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో రూ. 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ దిగినవాళ్ల చేతిలో ఉండేది కొన్ని గంటలే. బొర్రా గుహలకు దాదాపు 90 కిలోమీటర్లు, అరకుకు అంతకన్నా ఎక్కువ, అందులో ఘాట్ రోడ్డు. ఆ దూరానికి సొంత ప్రయాణం ప్రమాదం, ఓడ కంపెనీ టూరే తీసుకోండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం మాత్రం ఊళ్లోనో, ఊరిని ఆనుకునో ఉన్నాయి. వాటికి ఆటోనో టాక్సీనో మాట్లాడుకుంటే ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీరే నిర్ణయించుకుంటారు, డబ్బు కూడా ఊళ్లోవాళ్లకే చేరుతుంది. తిరిగి ఓడ ఎక్కాల్సిన గడువు ఏదో దిగేముందే అడిగి రాసుకోండి, ఆ గడువుకు కనీసం గంట ముందు రేవులో ఉండండి. ఓడలో గడియారం ఒడ్డు మీది సమయంతో సరిపోతోందో లేదో చూసుకోండి.

అధికారులకు ఒక విన్నపం. టెర్మినల్ గేటు దగ్గర ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరు, తెలుగు, ఇంగ్లిషు వచ్చిన స్థానిక గైడ్లు, ఏ చోటుకు ఎంత సమయం పడుతుందో చెప్పే బోర్డు పెట్టండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మెట్రో మెట్ల దగ్గర కూడా సినిమా చరిత్ర తెలిసిన గైడ్లను నిలపండి. రెండు చోట్లా ఉపాధి దొరకాల్సిన యువతీయువకులు చాలామంది ఉన్నారు.