రాతి హరివిల్లునకు గుఱ్ఱపు దారి

నదులు కొండలను చీల్చుకొని పోవు తావునకు మన పెద్దలు గండి యని పేరిడినారు. పెన్నానది యెఱ్ఱమలలను కోసికొని పాఱుచోట కోట గట్టి దానిని గండికోట యన్నారు. ఆ కోట యంచున నిలిచి లోయలోనికి తొంగిచూచినవారు మీలో పలువు రుందురు. నేడు నేను చెప్పబోవు దేశమున అట్టి గండ్లు ఒకటి రెండు గావు, వందలకొలది యున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో యూటా, ఆరిజోనా యను రెండు రాష్ట్రములు కలియుచోట, కొలరాడోనదికి దక్షిణమున నున్న యెఱ్ఱరాతి మరుభూమి యది. అచ్చట వాన మిక్కిలి తక్కువ. కాని కురిసినప్పుడు పొడిగా నున్న వాగు గడియలో మనిషిని ముంచునంత లోతున పాఱును. ఇసుకరాయి మెత్తనిది గనుక ఆ నీరే లక్షల యేండ్లు కోసి కోసి ఈ గండ్లను చేసినది. పూర్వము వీనిలో బండి పోదు. కాలినడకను పోవువాడు మోసికొనిపోగల నీరు దారికి చాలదు. గుఱ్ఱమో కంచరగాడిదయో కావలెను. అంతకంటె ముఖ్యముగా, నీటి చెలమ యెక్కడ నున్నదో యెఱిగినవాడు ముందు నడువవలెను.

ఇప్పుడు ఆ దేశమున సెలవు దినములలో పట్టణవాసులు రుసుము చెల్లించి, మార్గదర్శిని వెంటబెట్టుకొని, గుఱ్ఱములపై నీ గండ్లలో విహరించుట వాడుకయైనది. విహారములో చరిత్ర యేమున్నదని మీరడుగవచ్చును. ముందు గుఱ్ఱముపై నున్నవాడెవడు, ఆ దారి వానికెట్లు తెలిసెను అని విచారించినచో చరిత్ర తానే బయటపడును.

మొదట గుఱ్ఱము సంగతి. కొలంబసు పోవునాటికి అమెరికాఖండమున గుఱ్ఱములు లేవు. పూర్వమెన్నడో యుండి నశించినవి. మరల వానిని తెచ్చినవారు స్పెయిను దేశీయులు. 1598 లో ఒన్యాతే యను సేనాని న్యూమెక్సికోకు మందలతో వచ్చెను. 1680 లో అచ్చటి ప్యూబ్లోజనులు తిరుగబడి స్పెయినువారిని వెడలగొట్టిన పిమ్మట గుఱ్ఱములు నలుదెసల వ్యాపించినవి. ఆ ప్రాంతపు నావహో జనులు కొలది తరములలోనే గొప్ప రౌతులైరి. నలమహారాజునకు అశ్వహృదయము తెలియునని మనము భారతమున చదువుకొన్నాము. ఆ విద్య యొక్క రాజునకు గాక యొక జాతికంతకు పట్టుపడినట్లు తలచుకొనుడు.

ఆ విద్యయే వారిలో కొందఱ ప్రాణములు నిలిపినది. 1863 లో అమెరికా ప్రభుత్వము నావహోలను వారి నేలనుండి తొలగింప నిశ్చయించి కిట్ కార్సను అను నాతనిని సేనతో పంపెను. వారికి పెట్టనికోటవంటిది కాన్యన్ డి షే యను లోతైన గండి. 1864 జనవరిలో సైనికు లందులోనికి చొచ్చిరి. ఆ వేసవిలో మరల వచ్చి, జనులు తరతరములుగా పెంచుకొన్న పీచుపండ్ల తోటలను వేలకొలది చెట్లతో నఱికివేసిరి. పంట పోయి, గొఱ్ఱెలు పోయి, ఆకలికి లొంగినవారిని మూడువందల మైళ్లకు పైగా నడిపించి, న్యూమెక్సికో తూర్పుభాగమున నొక చవిటినేలలో నిర్బంధించిరి. అట్లు పోయినవారు ఎనిమిదివేలకు మించిరి. దారిలోను, అచ్చటను చచ్చినవారనేకులు. 1868 జూన్ 1వ తేదీన సంధి కుదిరి, మిగిలినవారు స్వదేశమునకు మరలిరి. గెలిచినవారు ఓడినవారిని వారి నేలకే మరల పోనిచ్చుట ఆ దేశచరిత్రలో అరుదు.

అయితే అందఱును లొంగలేదు. హోస్కినీని యను పెద్ద, కొలదిమందితో కొద్ది గొఱ్ఱెలతో పడమటికి పాఱిపోయి నావహో పర్వతమను కొండచెంత గండ్లలో దాగెను. సైనికు లాతనిని కనుగొనలేకపోయిరి. నేడు విహారమునకు పోవు ఆ దారులు ఒకప్పుడు ప్రాణభీతితో పోయిన దారులని నేను చెప్పుటకు కారణమిదియే.

ఇక 1906 లో జాన్ వెదరిల్ అను వర్తకుడు, భార్య లూయిసాతో కూడ, ఆ మారుమూల ఓల్జాటో యనుచోట అంగడి పెట్టెను. లూయిసా నావహో భాష చక్కగా నేర్చి వారి మన్నన పొందెను. పర్వతమునకు ఆవల నొక వాగుపై రాతివంతెన యొకటి కలదని, అది రాయిగా మాఱిన హరివిల్లని, ఆమె చెవిని బడెను. భాష నేర్చినవారికే యట్టి మాట వినబడును. చరిత్ర చెప్పువారు ఈ యిల్లాలిని ఒక పంక్తిలో దాటిపోవుట నాకు నచ్చదు.

1909 ఆగస్టులో రెండు గుంపులు దానికై బయలుదేరినవి. ఒకదానికి యూటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బైరన్ కమింగ్సు పెద్ద. రెండవదానికి ప్రభుత్వ భూమికొలతల యుద్యోగి విలియం డగ్లసు. ఇరువురికి నొకరిపై నొకరికి నమ్మకము లేదు. అయినను గత్యంతరము లేక కలిసి నడచిరి. వెదరిల్ వారిని నడిపించెను. పైయూట్ జాతివాడు జిమ్ మైక్ డగ్లసు పక్షమున నుండెను. అదే జాతికి చెందిన నాస్జా బెగే దారి నడుమ వచ్చి కలిసెను. అచ్చటి రాయి నున్నని బోడిరాయి. ఏటవాలున గుఱ్ఱముల లాడములు జాఱును. ఇట్టి తావుల రౌతు దిగి, పగ్గము చేతబట్టి, గుఱ్ఱమును మెల్లగా నడిపించుకొని పోవలెను. ఆగస్టు 14వ తేదీన ఒక మలుపు తిరుగగానే వంతెన కనబడెను. ఎత్తు 290 అడుగులు, వెడల్పు 275 అడుగులు. నాలుగు తాటిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపినను దాని నడినెత్తి నందుట కష్టము.

ముందు చూచినవాడు కమింగ్సు. అది తెలిసి డగ్లసు గుఱ్ఱమును ముందుకు దుమికించెను. వెదరిల్ అది సహింపక తన గుఱ్ఱమును అదలించి, అతనిని దాటి ముందుగా వంతెన క్రిందికి చేరెను. చదువుకొన్న పెద్దమనుష్యులు బాలురవలె పందెము వేసికొన్నారు! వంతెనను కనుగొన్న కీర్తి యెవరిదని యీ రెండు పక్షములవారు పిమ్మట చాలకాలము వాదులాడిరి. నాస్జా బెగే, జిమ్ మైక్ ఆ దారి చూపినవారని మాత్రమే వ్రాసికొన్నారు. చూపినవాడు ముందుగా చూడక యెట్లు చూపెను? మా విద్యార్థి యెవడైన నిట్లు వ్రాసియుండిన తర్కదోషమని గీత గీసియుందును.

1910 మే 30వ తేదీన అధ్యక్షుడు టాఫ్టు ఆ వంతెనను, చుట్టు 160 ఎకరములను జాతీయ స్మారకముగా ప్రకటించెను. అంతటితో విహారయాత్రలు మొదలైనవి. 1913 లో నవలాకారుడు జేన్ గ్రే వచ్చెను. అదే యేట, పదవి వదలిన థియోడోర్ రూజ్‌వెల్టు ఇద్దరు కుమారులతో వెదరిల్ వెంట గుఱ్ఱముపై వచ్చి, వంతెన నీడలోని మడుగున నీదులాడి, రాత్రి నిద్ర మేల్కొని వెన్నెలలో దానిని చూచుచుండెనట. ఆ యాత్రలో ఆయన వ్రాసిన యొక సంగతి నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. వెంట వచ్చిన నావహో వంతెన క్రిందుగా పోలేదు. గుఱ్ఱమును ప్రక్కకు మళ్లించి, కష్టమైనను, చుట్టు తిరిగి వచ్చెను. మనము గర్భగుడి గడపను దాటక ప్రదక్షిణము చేయుటవంటి దిది. రూజ్‌వెల్టు దానిని నవ్వక, వ్రాసి యుంచెను.

1924 లో పర్వతపు దక్షిణపు వాలున నొక బస వెలసి, అచ్చటినుండి గుఱ్ఱములపై యాత్రికులు పోవుచుండిరి. 1951 లో అది కాలిపోయెను. తరువాత వచ్చినది మఱింత పెద్ద మార్పు. కొలరాడోపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కట్టి 1963 మార్చిలో తలుపులు మూసిరి. వెనుక నిలిచిన నీరు పెరిగి పెరిగి వాగులోనికి ఎగదన్ని వంతెన పాదముల నడుమకు వచ్చెను. దినములు పట్టిన ప్రయాణము పడవలో కొన్ని గంటలకు తగ్గెను. జనము తండోపతండములుగా వచ్చిరి. తమ పుణ్యస్థలము మునిగినదని నావహో పెద్దలు 1974 లో న్యాయస్థానమున మొఱపెట్టిరి. 1980 లో పైన్యాయస్థానము వారి వాదము నంగీకరింపలేదు. నీరు పట్టణములకు కావలెననుట నేనెఱుగుదును. మన కృష్ణపై శ్రీశైలము ఆనకట్ట వెనుకను గ్రామములు, గుడులు మునిగినవి. కొన్ని గుడులను రాయి రాయి విప్పి వేఱుచోట నిలిపినారు. ఆ వంతెనను మాత్రము విప్పి మఱియొకచోట కట్టజాలరు.

1995 నుండి అచ్చటి అధికారులు యాత్రికులను వంతెన క్రింద నడువవలదని కోరుచున్నారు. అది శాసనము గాదు, విన్నపము. కాన్యన్ డి షే గండియు 1931 లో స్మారకమైనను నేల నావహోలదే. అందులోనికి పోవు పరదేశికి నావహో మార్గదర్శి తోడుండుట ఆనవాయితీ. పీచుచెట్లు నఱికిన తావుననే ఆ జనుల మనుమలు, మునిమనుమలు పొలములు దున్నుకొని, గుఱ్ఱములకు జీను వేసి, యాత్రికులకు దారి చూపినారు.

నాస్జా బెగే 1918 లో, మన దేశమునను లక్షలమందిని పొట్టబెట్టుకొన్న ఆ ఇన్‌ఫ్లుయెంజా జ్వరముననే చనిపోయెను. 1927 లో ఆతని పేరు చెక్కిన కంచుఫలకమును వంతెనచెంత రాతికి బిగించిరి. జిమ్ మైక్ పేరిట ఫలకము 1974 వఱకు వేచియుండవలసి వచ్చినది.