పులసకు దూరపు చుట్టం

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద శనివారం నాడు చేపలు కొనబోతే, మంచుగడ్డ కట్టిన వెండిరంగు చేప నొకదాన్ని చూపించి దుకాణదారు "ఇలిష్" అంటాడు. బెంగాలీ సోదరులు దాన్ని సంచులకొద్దీ కొనుక్కుపోతుంటారు. కిందటిసారి మాతోపాటు కోనసీమ నుండి వచ్చిన అత్తయ్యగారు కూడా వున్నారు. పులస దొరికిందని మేము సంబరపడుతుంటే ఆమె ఆ చేపను చేత్తో అటూ ఇటూ తిప్పి, "పులసేంటి అబ్బాయ్, ఇది విలస. ఏరెక్కని చేప" అని తేల్చేశారు. పెట్టె మీద అంటించిన చీటీ మేమింకా చదవనే లేదు.

మంచినీటి చేపల లెక్కలు కట్టడమే వృత్తిగా బతికిన వాళ్ళం మేము. అత్తయ్యగారు ఒక్క మాటలో చెప్పినదాన్ని మా శాస్త్రం చాలా కాగితాలు ఖర్చుపెట్టి చెబుతుంది. సముద్రంలో వున్నప్పుడు విలస. వానాకాలం ఎర్రనీరు దిగగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదితే పులస. జాతి ఒకటే, మారేది ఒళ్ళు. ఉప్పునీటి చేప మంచినీటికి అలవాటు పడాలి, ఎదురీదాలి, ఆ ఈతలో మేత బాగా తగ్గిపోతుంది, ఒంట్లో దాచుకున్న కొవ్వే ఇంధనమవుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలన్న రుచి ఈ ప్రయాణంలో వచ్చిందే.

ఈ చేప పేరు వెనుక ఒక చిన్న పరాజయం వున్నది. మన పత్రికల్లో ఎవరూ రాయగా మేము చూడలేదు గనుక ఇక్కడ చెబుతాము. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో వుండేవాడు. అక్కడి బెస్తవారు తెచ్చిన చేపలకు బొమ్మలు గీయించి, వాళ్ళు పలికిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, 200 చేపల పుస్తకాన్ని 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అందులో మన చేప "పలాస". కానీ రస్సెల్ లిన్నేయస్ పద్ధతిలో రెండు మాటల లాటిన్ పేరు పెట్టలేదు. ఆ పద్ధతిలో లేని పేరు శాస్త్రంలో చెల్లదు. 1822లో గంగానది చేపల మీద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ బెంగాలీ పేరునుబట్టి "ఇలిషా" అన్నాడు. 1829లో ఫ్రెంచి పండితుడు క్యువియే, రస్సెల్ బొమ్మ ఆధారంగా "పలాస" అని లాటిన్ పేరు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. ముందు పెట్టిన పేరుదే హక్కు. అందువల్ల నేడు ప్రపంచమంతా ఆ చేపను "టెన్యువలోసా ఇలిషా" అంటున్నది. ఏడేళ్ళ తేడాతో తెలుగు ఓడింది. వాలుగ మాత్రం గెలిచింది. దాని శాస్త్రనామం "వల్లాగో" అన్నది రస్సెల్ విన్న మన మాటే.

ఇక లెక్క సంగతి. నదిలో ఎన్ని చేపలున్నాయో ఎలా చెబుతారని పార్టీల్లో మమ్మల్ని అడుగుతుంటారు. ఎవరూ లెక్కపెట్టరు, అంచనా కడతారు. నూరు చేపలు పట్టి, గుర్తు వేసి, వదులుతాము. కొన్నాళ్ళకు మళ్ళీ వల వేసి యాభై పడితే, అందులో గుర్తున్నవి అయిదు వుంటే, పదింట ఒకటి మనం గుర్తు వేసినదన్నమాట. అప్పుడు మొత్తం వెయ్యి. డెన్మార్క్ దేశపు పీటర్సన్ పేరుతో చెలామణి అవుతున్న పద్ధతి ఇది. పులసతో ఈ లెక్క సాగదు. నీటినుండి తీస్తే నిమిషాల్లో ప్రాణం విడిచే చేపకు గుర్తు వేసి వదిలేదెక్కడ? అందుకే ఎన్ని పడవలు వెళ్ళాయి, ఎన్ని గంటలు వల వేశారు, ఎన్ని పడ్డాయి అని రేవులో కూర్చుని రాసుకోవాలి. పొలుసు మీది వలయాల్నిబట్టి వయస్సు చూడాలి. గుడ్ల సంచిలో ఒక చిన్న తునక తూచి, అందులో గుడ్లు లెక్కించి హెచ్చవేయాలి. ఒక పెద్ద విలస గుడ్లు పది లక్షలు దాటవచ్చు. 1963 నుండి 1967 వరకు గోదావరి విలస లెక్కల్ని ఇలా ఓపికగా కట్టి ప్రచురించినవారు టి. రాజ్యలక్ష్మిగారు. సన్మానాలు జరిగే చదువు కాదిది, దుస్తులకు వాసన పట్టే చదువు.

ఆ లెక్కలన్నీ చివరకు వచ్చి ఆగే చోటు ధవళేశ్వరం. 1832–33 నందన కరువులో మన జిల్లాల్లో జనం ఎలా రాలిపోయారో పెద్దలు చెప్పగా విన్నవాళ్ళే మన తాతలు. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తి చేశాడు. గోదావరి స్నానంలో ఆయన పేరు తలచుకునేవాళ్ళు వున్నారు, తలచుకోవలసిందే. మాలో చాలామంది చదువులు, ఆ చదువులతో ఇక్కడిదాకా వచ్చిన టిక్కెట్లు, ఆ కాలువ కింద పండిన వరి పెట్టిన భిక్ష. అయితే ఎదురీదే పులసకు అది గోడ. పెద్ద వరద వచ్చి ఆనకట్ట మునిగితే కొన్ని దాటేవి. తక్కినవి కింద గుమికూడేవి, అక్కడే వలలు కాచుకుని వుండేవి. తర్వాత 1982కు పూర్తయిన కొత్త బారేజీ పాత ఆనకట్ట స్థానంలోకి వచ్చింది. గంగమీద 1975లో ఫరక్కా బారేజీ వచ్చాక అలహాబాదు దాకా పోయే ఇలిష్‌కు జరిగిందీ ఇదే. బొచ్చె, శీలావతి చెరువులో పెరిగే రకం. 1957లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో వాటి జాతి చేపల చేత గుడ్లు పెట్టించాక, కొల్లేటి చుట్టూ చెరువులే చెరువులు. పులస అలా లొంగే చేప కాదు, దానికి దారి కావాలి.

దారి విలువ మాకు తెలిసింది మాత్రం ఇక్కడికి వచ్చాకే. ఐసెలిన్‌కు పడమటగా గంట ప్రయాణంలో డెలావేర్ నది. అందులో ప్రతి వసంతంలో అట్లాంటిక్ నుండి షాడ్ అనే చేప ఎదురీదుతూ వస్తుంది. పాత పుస్తకాల్లో పులసా ఇదీ ఒకే కుటుంబం, ఇటీవలి వర్గీకరణలో వేరు కాపురాలు పెట్టించారు. అదే వెండిరంగు, అదే ముళ్ళు, అదే ఎదురీత. దీని లాటిన్ పేరులో "సపిడిస్సిమా" అంటే అతి రుచికరమైనదని అర్థం. 1890లలో అట్లాంటిక్ తీరాన ఏ నదిలోనూ పడనంత షాడ్ డెలావేర్‌లో పడేది. ఆ తర్వాత ఫిలడెల్ఫియా, కామ్డెన్ పట్టణాల మురుగు, కర్మాగారాల మురుగు కలిసి, నీటిలో ప్రాణవాయువు లేకుండా చేశాయి. రాతిగోడ లేదు గాని ఊపిరాడని నీరే గోడ అయింది. లాంబర్ట్‌విల్‌లో 1888 నుండి వల లాగుతున్న లూయిస్ కుటుంబం వారికి 1950లలో వల ఖాళీగా వచ్చిన ఏళ్ళున్నాయి.

అదే సమయంలో రాతిగోడ కూడా రాబోయింది. 1955 ఆగస్టు వరదల్లో జననష్టం జరిగాక, టాక్స్ ఐలండ్ వద్ద ఆనకట్ట కట్టాలని 1962లో కాంగ్రెసు అనుమతించింది. ఇళ్ళు ఖాళీ చేయించారు, పొలాలు తీసుకున్నారు. ఇంతలో జనం ఎదురు తిరిగారు. 1975లో నదీ సంఘంలో రాష్ట్రాలు వద్దని వోటు వేశాయి, 1992లో అనుమతే రద్దయింది. అందుకే డెలావేర్ ప్రధాన ప్రవాహం మీద నేటికీ అడ్డుకట్ట లేదు. మురుగు సంగతి 1972 నాటి పరిశుభ్ర జల చట్టం, శుద్ధి కర్మాగారాలు చూసుకున్నాయి. 1980లకు షాడ్ తిరిగి వచ్చింది. 1981లో లాంబర్ట్‌విల్‌లో దానికొక ఉత్సవమే మొదలుపెట్టారు. ఆనకట్ట కోసమని ఇల్లు పోగొట్టుకుని, ఆ తర్వాత ఆనకట్టే రాని కుటుంబాల ఉసురు మాత్రం ఏ పట్టికలోనూ కనబడదు. అది వేరే లెక్క. తూర్పు తీరమంతటా షాడ్ ఇప్పటికీ పూర్వపు స్థాయికి చేరలేదన్నదీ నిజం.

మన పక్కనే వున్న రారిటన్ నదిలో 2011, 2013 మధ్య మూడు పాత అడ్డుకట్టల్ని పగలగొట్టి తీసేశారు, చేపలకు దారి ఇవ్వడానికే. కట్టడమే గొప్ప అనుకుంటూ పెరిగిన మాకు, తీసేయడమూ ఇంజనీరింగేనని తెలిసివచ్చింది. మెరిల్ పార్కులో మన పిల్లలు ఆడుకునే వాగు రావే నదిలో కలిసి, అక్కడినుండి ఆర్థర్ కిల్ చేరుతుంది. ఆ పేరు చూసి కాటన్ దొరను తలచుకోకండి. డచ్చివారి భాషలో "కిల్" అంటే ఏరు.

షాడ్‌కు మనలాంటి కథ మరొకటి వున్నది. 1867లో కనెక్టికట్ నదిలో సెత్ గ్రీన్ దాని గుడ్లను పెట్టెల్లో పొదిగించి చూపించాడు. 1871లో వేలాది పిల్లల్ని పాలక్యానుల్లో పోసి, దారిపొడుగునా నీళ్ళు మారుస్తూ, రైల్లో కాలిఫోర్నియా తీసుకెళ్ళి శాక్రమెంటో నదిలో వదిలాడు. సుమారు పదివేలు బతికి చేరాయి. వాటి సంతతి పసిఫిక్ తీరమంతా అల్లుకుని కొలంబియా నదిలో లక్షల్లో కనిపిస్తున్నది. పుట్టింట చిక్కిపోయి మెట్టినింట బలిసిందన్నమాట.

ఏప్రిల్‌లో తెల్లపూల షాడ్‌బుష్ పూసినప్పుడు చేప వస్తుందని ఇక్కడి పాతకాపుల గుర్తు, మనకు ఎర్రనీరు గుర్తయినట్టు. ఈ వసంతంలో ఒక షాడ్ తెచ్చి అత్తయ్యగారికి ఇచ్చాము. ఆమె మట్టి దాక లేదని గొణుక్కుంటూనే, బెండకాయలు, చింతపండు పులుసు, చివర కాస్త ఆవకాయ నూనె వేసి, సన్నని సెగమీద మూడు గంటలు మరగనిచ్చారు. ముట్టుకోనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం వడ్డించి, ముల్లు తీసుకుంటూ, "పులస కాదు గాని," అన్నారు, "దీనికి ఏరెక్కడం తెలుసు."