మిలటరీ మగ్గు, హోటలు గ్లాసు (మా ఊరి చరిత్ర - 7)



కార్వేటినగరం చరిత్ర అనగానే అందరూ సంస్థానంతోనే మొదలుపెడతారు. రాజుల కోట, వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి, సారంగపాణి పదాలు. సారంగపాణిని నేనూ క్లాసులో పాఠంగా చెప్పినవాడినే. కానీ మా పల్లె చరిత్ర ఆ కోటలో దొరకదు. అది మా అవ్వ మంచం కింద, తాత ట్రంకు పెట్టెలో ఉంది.

తాత 1963లో మద్రాసు రెజిమెంటులో చేరాడు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజులవి. ట్రైనింగు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. మనవాళ్ళకు సైన్యం కొత్త కాదు. కంపెనీ కాలం నాటి మద్రాసు సైన్యంలో మాలలు, పరయ్యలు సిపాయిలుగా ఉన్నారు. 19వ శతాబ్దం చివర్లో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్‌వాళ్ళు వాళ్ళను పక్కకు నెట్టారు. సుబేదారు కొడుకైన అంబేడ్కర్ ఆ అన్యాయం మీద కొట్లాడాడు. మహర్ రెజిమెంట్ 1941లో గానీ రాలేదు.

1970లలో మా ఇల్లు నడిచింది మనియార్డరు మీద, ఇన్లాండ్ లెటరు మీద. అడ్రసులో ఊరి పేరుండదు, '56 ఏపీఓ' అని మాత్రం ఉంటుంది. తాత కాశ్మీరులో ఉన్నాడో, రాజస్థాన్‌లో ఉన్నాడో అవ్వకు తెలిసేది కాదు. 1971 డిసెంబరు యుద్ధంలో ఉత్తరం ఆగిపోతే ఆమె పొయ్యి మీద సంగటి పెట్టి మరిచిపోయేదట. అవ్వకు చదువు రాదు. ఏడేళ్ళ మా నాయనే కూడబలుక్కుని చదివి వినిపించేవాడు. మా ఇంట్లో మొదటి తెలుగు వాచకం ఆ నీలం కాగితాలే. నా పీహెచ్‌డీకి మూలం అక్కడుంది.

అక్కడ లంగరులో అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డన. సెలవుకు పుత్తూరులో రైలు దిగి ఊరికొస్తే, టీ హోటల్లో మనకు వేరే గ్లాసు. అది ముట్టుకోవడం ఇష్టంలేక తాత తన మిలటరీ మగ్గు తీసుకెళ్ళేవాడు. హోటలాయన ఎత్తునుంచి పోసేవాడు. అది తన మర్యాద అనుకున్నాడు తాత. అవ్వ మాత్రం, "ఆ మగ్గుతో వాడికే సులువాయ గదా" అన్నది.

ఆ మాట ఆయనకు తగిలింది. 1976లో అంటరానితనం చట్టాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. మరుసటి సంక్రాంతి సెలవులో తాత ఒట్టి చేతులతో హోటలుకెళ్ళాడు. "అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఇయ్యి" అన్నాడు. నాయన పక్కనే ఉన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదంట. చివరికి ఇచ్చారు. తాగాక, "గ్లాసు నువ్వే తీసుకుపో" అన్నారు.

"గలాసుకు గూడా దుడ్లు ఇప్పిచ్చుకున్న్యాడు నాయినా," అని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

ఆ గ్లాసు, ఆ మగ్గు ఒకే పెట్టెలో ఉన్నాయి. మగ్గు మీద తాత నంబరుంది. గ్లాసు మీద ఏమీ లేదు. తాత ఏ యుద్ధం గురించీ మాతో మాట్లాడలేదు. ఈ గ్లాసు గురించీ మాట్లాడలేదు. ఇదంతా అవ్వ, నాయన చెబితే తెలిసిందే.

రాజులు ఏం వినేవారో పుస్తకాల్లో ఉంది. మన తాతలు దేంట్లో తాగారో మనమే రాయాలి. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పెట్టెలుంటాయి. మీ అవ్వలు ఉండగానే తెరవండి, అడగండి, రాసుకోండి.